లైలా అనే పేరు

శ్రోతలకు నమస్కారం. 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన తుపానును మన కోస్తా ప్రజలు లైలా తుపాను అనే గుర్తుపెట్టుకున్నారు. తుపానుల జాబితాకు ఆ పేరు ఇచ్చిన దేశం పాకిస్తాన్. అంతకు ఎంతో ముందే, 1949లో భానుమతి, అక్కినేని నటించిన లైలా మజ్ను చిత్రం ద్వారా ఈ పేరు తెలుగువారికి పరిచయమైంది. ప్రేమకథగానో గాలివానగానో మనం ఎరిగిన ఈ ఆడపిల్ల పేరు వెనుక అరబ్బీ భాషలో ఒక నిండైన రాత్రి ఉంది.

అరబ్బీలో రాత్రిని లైల్ అంటారు. లామ్, యా, లామ్ అనే మూడు అక్షరాలతో రాసే ఈ మాటను మన వికటకవిలాగా ఎటునుంచి చదివినా ఒకటే. దాని చివర దీర్ఘం చేరితే లైలా అవుతుంది. నెలలోకెల్లా చిక్కని చీకటి ఉన్న రాత్రిని ఈ మాటతో పిలిచేవారనీ, స్త్రీలకు ఆ పేరు అందుకే వచ్చిందనీ పాత అరబ్బీ నిఘంటువులు చెబుతాయి.

అమావాస్య చీకటి పేరును ముద్దుల కూతురికి పెట్టుకుంటారా అని మనకు అనిపించవచ్చు. కానీ పగలంతా నిప్పులు చెరిగే ఎడారిలో చల్లదనం తెచ్చేది రాత్రే. బిడారులు నక్షత్రాల గుర్తులతో దారి పట్టేదీ, అలసినవారు గుడారం ముందు చేరి కవిత్వం వినేదీ ఆ వేళలోనే. ఇస్లామీయ పంచాంగంలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కనుక అక్కడ రాత్రి పగటికంటే ముందు వస్తుంది. వెయ్యి నెలలకంటే శ్రేష్ఠమని ఖురాన్ చెప్పినది కూడా ఒక రాత్రినే. ఈనాటికీ అరబ్బీ గాయకులు ఆలాపనలో ‘యా లైల్, యా ఐన్’, అంటే ‘ఓ రాత్రీ, ఓ కన్నూ’ అని రాగం తీస్తారు. యామిని, రజని అని పిల్లలకు పేర్లు పెట్టుకునే మనకు ఈ మమకారం కొత్తదేమీ కాదు.

ఇక ప్రసిద్ధమైన కథకు వస్తే, 7వ శతాబ్దిలో అరేబియాలోని నజ్ద్ ప్రాంతంలో, బనూ ఆమిర్ తెగకు చెందిన ఖైస్ అనే యువకుడు లైలా పేరును పద్యాల్లో బాహాటంగా పలికి ఆమె పరువు తీశాడని ఆమె తండ్రి పెళ్ళికి నిరాకరించాడంటారు. ఆ ఖైస్‌నే మజ్నూన్ అన్నారు, అంటే జిన్ను పట్టినవాడు; మనం మజ్ను అనేది ఇతన్నే. 1188లో నిజామీ ఆ గాథను పారశీకంలో కావ్యంగా మలిచాడు. తరువాతి సూఫీ కవులు దైవాన్నే లైలా అని పిలిచారు.

అయితే ఆ కథలో మాట్లాడేదంతా మజ్నూయే. అందుకే నాకు మరొక లైలా అంటే ఎక్కువ గౌరవం. అదే శతాబ్దిలో జీవించిన లైలా అల్ అఖ్యలియ్యా స్వయంగా కవయిత్రి. ఆమె ప్రేమించిన తౌబా అనే వీరుడు పోరులో మరణించాడు. వేరొకరిని పెళ్ళాడినా, ఆమె తౌబా కోసం రాసిన శోకగీతాలను దాచుకోలేదు. పాలకుల కొలువులలో నిలబడి, అతని పేరు పెట్టి మరీ వినిపించింది.