ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ

శ్రోతలకు నమస్కారం.

ఆసుపత్రి బిల్లు కోసం బంగారం కుదువ పెట్టిన ఇల్లు చూడాలంటే గుంటూరులో గానీ బెజవాడలో గానీ దూరం వెళ్లక్కర్లేదు, మన వీధిలోనే ఉంటుంది. అలాంటివారు ముందుగా అడిగేది, "సీఎం రిలీఫ్ ఫండ్ వస్తుందంటారా?" అని. వస్తుంది. కానీ అందరికీ రాదు, అడిగినంతా రాదు. అది నెలనెలా అందే పింఛను కాదు, దాతల విరాళాలతో నడిచే నిధి. రెండు లక్షల బిల్లుకు రెండు లక్షలూ ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

ముందు ఒకటి చూసుకోండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకంలో మీ జబ్బు ఉంటే, వైద్యం దాని కిందే చేయించుకోవాలి. అందులో లేని వైద్యానికే ఈ అర్జీ. ఆపరేషన్ ఇంకా కాకపోతే ఆసుపత్రి నుంచి ఎస్టిమేట్ తీసుకుని ఎల్‌ఓసీకి, అంటే ఖర్చు ఇంతవరకు నిధి భరిస్తుందని ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రానికి, పెట్టుకోవచ్చు. అప్పు చేశాక తిరగడం కన్నా అది మేలు.

అర్జీ అంటే ఇంటికొచ్చాక తీరిగ్గా రాసేది అనుకుంటాం. అసలు పని డిశ్చార్జి రోజునే ఉంటుంది. గుంటూరు కొత్తపేటలో చేరినా, బెజవాడ సూర్యారావుపేటలో చేరినా, గుమ్మం దాటకముందే ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ చేతికి తీసుకోండి. సంతకం, స్టాంపు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. మెషీన్‌లోంచి వచ్చే నున్నటి రసీదుల మీద అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. అవి ఆరోజే జిరాక్స్ తీయించాలి.

మన పేర్లతో ఇంకో తంటా. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, రేషన్ కార్డులో పొడి అక్షరం ఉంటుంది. ఆసుపత్రిలో మాత్రం కంగారులో అల్లుడు చెప్పిన పిలుపు పేరే ఎక్కుతుంది. ఆధార్‌లో వెంకట నాగేశ్వరమ్మ, బిల్లులో నాగమ్మ. మనకు ఇద్దరూ ఒకరే. ఫైలు చూసే గుమాస్తాకు కాదు. చేరేటప్పుడే ఆధార్ చూపించి పేరు రాయించండి.

ఇక అర్జీ. ఒక పేజీ చాలు. రోగి ఎవరు, ఏం జబ్బు, ఎక్కడ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎంతయింది, ఆ డబ్బు ఎలా తెచ్చారు, ఇంట్లో సంపాదన ఎంత. "మిర్చి యార్డులో హమాలీ పని చేస్తాను" అన్న ఒక్క ముక్క, "మహాప్రభో, నిరుపేదను" అని పదిసార్లు రాసినదానికన్నా ఎక్కువ చెబుతుంది. ఏడుపు రాయనక్కర్లేదు, లెక్క రాయండి.

అర్జీకి సాధారణంగా ఎమ్మెల్యే గారి సిఫారసు లెటర్ జతచేస్తారు. అక్కడి నుంచి అది వెలగపూడి సచివాలయానికి వెళ్తుంది. ఆయనకు ఓటేయలేదు కదా అని మొహమాటపడేవాళ్లను చూశాను. అక్కర్లేదండీ, ఆయన నియోజకవర్గం మొత్తానికీ ఎమ్మెల్యే. ఇచ్చిన ప్రతి కాగితానికీ ఒక కాపీ ఉంచుకోండి, నంబరు ఏమైనా ఇస్తే రాసుకోండి. ఎన్నాళ్లకూ కబురు లేకపోతే, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అడగొచ్చు.

మధ్యలో దళారి తగులుతాడు. "ఇంత పర్సంటేజ్ ఇవ్వండి, బిల్లు నేను పెంచి పెట్టిస్తా" అంటాడు. పొరుగున తెలంగాణలో 2024లో ఇలాంటి దొంగ బిల్లుల మీదే సీఐడీ ఆసుపత్రులపై కేసులు పెట్టింది. వాడి కమీషన్ కోసం మీ నిజమైన బిల్లు కూడా అనుమానంలో పడుతుంది.

సాయం మంజూరై చెక్కు చేతికొస్తే, దాని మీద పేరు, మీ బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు ఒకటేనా చూసుకోండి. 2012 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం చెక్కు మీదున్న తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. పంపిణీ సభ కోసం ఆగిన చెక్కుకు అందులో కొన్ని రోజులు అప్పటికే పోయి ఉండొచ్చు. దేవుడి పటం దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకోండి, కాదనను. మర్నాడు మాత్రం బ్యాంకులో వేసేయండి.

సెలవు.