స్టూడియోలో పక్క బల్ల

అందరికీ నమస్కారం. డిజైన్‌ని ఆన్‌లైన్‌లో నేర్పగలమా అని 2020 లాక్‌డౌన్ నుంచీ అడుగుతూనే ఉన్నారు. చాలా మటుకు నేర్పగలం. కానీ మొదటి ఏడాది పిల్లల్ని మాత్రం అందరూ ఒకేచోట చేత్తో పనిచేసే స్టూడియోలోనే కూర్చోబెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

స్టూడియోలో టీచర్ కన్నా పక్క బల్లే ఎక్కువ నేర్పుతుంది. పక్కనున్న అమ్మాయి అట్టముక్కతో మోడల్ కోసి, నచ్చక పడేసి, మళ్లీ కోస్తుంటే ఆమె ఆలోచన మనకూ అందుతుంది. ఆన్‌లైన్‌లో అందరూ బాగా వచ్చిన పనే చూపిస్తారు. పాడైనవన్నీ ఎవరింట్లో వాళ్ల మంచం కిందే ఉండిపోతాయి. జర్మనీలోని బౌహౌస్ అనే డిజైన్ స్కూల్‌లో జోసెఫ్ ఆల్బర్స్ అనే టీచర్ విద్యార్థుల చేతికి ఉత్త కాగితాలిచ్చి మడవమనేవారు, కత్తిరించమనేవారు. ఆ తర్వాత అందరి పనీ నేల మీద పరిచి, కలిసి చర్చించేవారు. ఆ పాఠంలో సగం కాగితానిదైతే, సగం ఆ నేలది.

ఇక పదార్థం సంగతి. శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకోండి. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో గీస్తే గీత నల్లబడుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు రాస్తారు. రంగులో ఉడకబెట్టాక గానీ ఆ ఎరుపు తేలదు. రాసేటప్పుడు కంటికి కనపడని రంగును ఊహించి పనిచేయడం స్క్రీన్ మీద రంగు ఎంచుకునే కలర్ పికర్‌తో అలవాటు కాదు. గుడ్డ తడవాలి, చేయి తడవాలి.

అలాగని ఆన్‌లైన్‌ని చిన్నచూపు చూడను. మొబైల్ యాప్ డిజైన్ చేసేవాళ్లకు స్క్రీనే పదార్థం. ఫిగ్మా అనే ఆన్‌లైన్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఫైల్ మీద పదిమంది కలిసి పనిచేయడం క్లాసులో కన్నా అక్కడే తేలిక. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు రికార్డు చేసిన పాఠం పెద్ద అండ. ఇంగ్లిష్ లెక్చర్ ఆపి, వెనక్కి జరిపి, అర్థమయ్యేదాకా వినొచ్చు. నలుగురిలో నోరు విప్పని పిల్లలు చాట్‌లో చక్కటి ప్రశ్నలు వేస్తారు. ఈ మేలు స్టూడియో ఇవ్వలేకపోయింది. అది మనం ఒప్పుకోవాలి.

ఆన్‌లైన్ తప్పని చోట టీచర్లను నేనడిగేది ఒకటే. రోజూ సాయంత్రానికల్లా ఆనాటి పని, సగంలో ఉన్నా, చెడిపోయినా సరే, ఫొటో తీసి అందరికీ కనపడే బోర్డు మీద పెట్టించండి. దానికి మార్కులు వేయకండి. మొదట్లో పిల్లలు వెనకాడతారు. అందుకని ముందుగా మీ కొట్టివేతల స్కెచ్ పెట్టండి.