ఎస్టిమేట్ కాగితంలో లేని ఖర్చు

శ్రోతలకు నమస్కారం.

మా చిన్నాన్నది సింగరాయకొండ దగ్గర ఒక పల్లె. పొగాకు వేస్తాడు. కొన్నేళ్ల కిందట నాలుగు మెట్లెక్కినా ఆయాసం వస్తోందంటే నెల్లూరు తీసుకెళ్లాం. ఎకో, అంటే గుండెకు తీసే స్కాన్, తీసి, గుండెలో ఒక కవాటం పాడైంది, మార్చాలన్నారు. చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్ల జ్వరం అప్పుడే దాన్ని దెబ్బతీసిందట. డాక్టరుగారు ఓపిగ్గా బొమ్మ గీసి మరీ చెప్పారు. చిన్నాన్న ఆ బొమ్మ వైపు చూడనే లేదు. "మొత్తం ఎంతవుద్దయ్యా?" అన్నాడు.

మూడు లక్షల ఇరవై వేలని ఒక కాగితం చేతికిచ్చారు. ఆ రాత్రి ఇంట్లో అందరం కూర్చున్నాం. పిన్ని చేతి గాజులు తీసి మంచం మీద పెట్టింది. ఊళ్లో ఒకాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. డబ్బు ఎక్కడ తేవాలన్నదే మాట. ఆ కాగితంలో ఏముంది, ఏం లేదు అని ఎవరూ చూడలేదు. చదువుకున్నవాణ్ణి, నేనూ చూడలేదు.

చివరికి నాలుగున్నర లక్షలు దాటింది. మోసమేమీ లేదు. కవాటం ధర వేరు అని అడుగున రాసే ఉంది. ఐసీయూ రెండు రోజులకే లెక్క వేశారు, ఈయన నాలుగు రోజులున్నాడు. ఆపరేషన్‌కి ముందు గుండె రక్తనాళాలు చూడటానికి చేసిన యాంజియోగ్రామ్ కూడా విడిగానే. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ఒకటే చెబుతాను. కాగితం ఇచ్చిన మనిషినే కూర్చోబెట్టి అడగండి: కవాటం కలిసిందా, మందులు ఇందులోనేనా, ఐసీయూలో ఒక రోజు ఎక్కువైతే ఎంత, రక్తానికి ఎంతమంది దాతల్ని తెచ్చుకోవాలి. అడిగితే చిన్నతనమేమీ కాదు. ఎద్దును కొనేటప్పుడు పళ్లు లెక్కపెడతాం కదా!

డాక్టరుగారిని అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. "ఎన్నాళ్లు ఆగొచ్చు?" అని. గుండెపోటు వస్తే ఆ ప్రశ్నే లేదు, లెక్కలన్నీ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయాలి. కానీ కవాటం మార్పిడి, బైపాస్ లాంటివి చాలామందికి కొన్ని రోజులో వారాలో ముందుగా అనుకుని చేసేవే. ఆ గడువు డాక్టరుగారు చెప్పాలి, మనం ఊహించుకోకూడదు. దొరికిన ఆ కాస్త గడువే అప్పు భారాన్ని సగం తగ్గిస్తుంది.

మేం చేసిన అసలు తప్పు ఇప్పుడు చెబుతాను. చిన్నాన్నకు కార్డు ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకం ఆయనకు వర్తిస్తుంది. "కార్డు మీదైతే సరిగా చూడరు" అని ఎవరో అన్నారు, మేం నమ్మాం. ఆపరేషన్ అయ్యాక తెలిసింది, పక్క మంచం ఆయనకు అదే సర్జన్, అదే ఆపరేషన్, ఆ కార్డు మీదే చేశారని. అప్పుడు పరిగెత్తితే ఏం లాభం? ఈ పథకంలో ఆపరేషన్‌కి ముందే అనుమతి రావాలి. డబ్బు కట్టేశాక బిల్లులు పట్టుకెళ్తే ఇవ్వరు. కాబట్టి ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ముందు ఆరోగ్యమిత్ర, అంటే ఈ పథకం తరఫున సాయం చేసే మనిషి, కూర్చునే బల్ల దగ్గరికి వెళ్లండి. మీరు వెళ్లాలనుకునే ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో 104కి ఫోన్ చేసినా చెబుతారు. మన నెల్లూరు వాళ్లు చీటికీమాటికీ చెన్నై రైలెక్కుతారు కదా, వాళ్లు మరీ అడగాలి. అక్కడ తోడున్న ఇద్దరికి లాడ్జి, భోజనం రెండు వారాలకు ఎంతవుతుందో కూడా వేసుకోవాలి. డెబ్బై ఏళ్లు నిండిన వాళ్లయితే, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగానే చేస్తున్నారు.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు గది అద్దె పరిమితి చూసుకోండి. పాలసీలో రోజుకు మూడు వేలని ఉంటే, మనం ఆరు వేల గదిలో చేరామనుకోండి. కంపెనీ కోసేది గది అద్దె ఒక్కటే కాదు. సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీలాంటివీ సగానికి తగ్గిపోవచ్చు. ఏసీ చల్లదనం కోసం లక్ష పోగొట్టుకున్నవాళ్లున్నారు.

అప్పు తప్పనప్పుడు లెక్క చూసుకోండి. రెండు రూపాయల వడ్డీ అంటే మూడు లక్షలకు నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు. అదే బంగారం బ్యాంకులో పెట్టి నూటికి ఏడాదికి తొమ్మిది రూపాయల చొప్పున తీసుకుంటే 27 వేలు. మేం ముందు ఊళ్లో తెచ్చి, నాలుగు నెలలు కట్టాక తెలివి తెచ్చుకుని, గాజులు బ్యాంకులో పెట్టి ఆ బాకీ తీర్చాం.

ఇంటికొచ్చాక ఖర్చు ఆగుతుందా? రొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, బరువెత్తకూడదు. డిసెంబరులో ఆపరేషన్ అయింది. సరిగ్గా రెలుపుల కాలం, అంటే పొగాకు ఆకు కోసే రోజులు. ఆకు కాల్చే బ్యారన్ దగ్గర ఆయన నిలబడలేడు. కూలి మనుషులకు పెట్టిన డబ్బు ఏ ఎస్టిమేట్‌లో ఉంటుంది?

ఇక ఆయనకు పెట్టింది లోహపు కవాటం. అది చాలా ఏళ్లు వస్తుంది గానీ, రక్తం పలచబడే మాత్ర జీవితాంతం వేసుకోవాలి. మోతాదు సరిపోతోందో లేదో ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష తరచూ చేయించాలి. జంతు కణజాలంతో చేసిన కవాటమైతే చాలామందికి ఆ మాత్ర జీవితాంతం అక్కర్లేదు, కానీ పది, పదిహేనేళ్లకు మళ్లీ మార్చాల్సి రావచ్చు. వయసును బట్టి డాక్టర్లే సలహా ఇస్తారు. మేం మాత్రం ఆ రోజున ధర ఒక్కటే అడిగాం, తర్వాత నెలనెలా ఏమవుతుందో అడగలేదు.

చిన్నాన్న ఇప్పుడు నెలకోసారి ఒంగోలు వెళ్లి ఆ పరీక్ష చేయించుకొస్తాడు. బస్సు ఛార్జీ, పరీక్ష, మాత్రలు అన్నీ ఒక చిన్న పుస్తకంలో రాస్తాడు. ఆకుకూరలు ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ తింటే ఆ మందు పనితీరు మారుతుందన్నారు. మానేయమనలేదు, ఒకే తీరుగా తినమన్నారు. గోంగూర వండిన రోజున పిన్ని అదే పుస్తకంలో ఒక గీత పెడుతుంది. గాజులు నిరుడు సంక్రాంతికి విడిపించాం.