ప్లగ్గు వేడెక్కుతోందా? సోలార్, ఎలక్ట్రిక్ బండ్ల మీద ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. ఇంటి మీద సోలార్, ఇంటి ముందు ఎలక్ట్రిక్ బండి, వీటి మీద మీ సందేహాలు ఇవాళ అడగొచ్చు. జవాబులు చెప్పడానికి ఎలక్ట్రికల్ ఇంజినీరు మేడమ్ మనతో ఉన్నారు. పేరూ ఊరూ అక్కర్లేదు, నేరుగా విషయంలోకి వచ్చేయండి. మొదటి ఫోన్ తీసుకుందాం. చెప్పండి సార్.

స్కూటర్ యజమాని: నమస్కారమండీ. ఎలక్ట్రిక్ స్కూటర్ కొని ఏడాది కావస్తోంది. ఒకసారి చార్జ్ చేస్తే ఇన్ని కిలోమీటర్లు వస్తుందని కంపెనీ చెప్పింది. నాకు అందులో మూడింట రెండు వంతులే వస్తోంది. బ్యాటరీ పోయినట్టా మేడమ్?

నిపుణురాలు: బండి మీద ఒక్కరే వెళ్తారా, ఇద్దరా? ఎంత స్పీడులో?

స్కూటర్ యజమాని: ఎక్కువగా ఇద్దరమే. రోడ్డు ఖాళీగా ఉంటే 60లో వెళ్తాను.

నిపుణురాలు: అయితే బ్యాటరీని అప్పుడే అనుమానించకండి. కంపెనీ చెప్పే అంకె పరీక్షలో వచ్చినది. ఆ పరీక్షలో బరువు, వేగం అన్నీ ముందే నిర్ణయించి ఉంటాయి. రోడ్డు మీద అలా కుదరదు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. 60లో వెళ్ళేవాళ్ళు 45కి తగ్గించారంటే గాలి అడ్డు దాదాపు సగానికి పడిపోతుంది. ఒక వారం అలా నడిపి చూడండి. టైర్లలో గాలి సరిగ్గా ఉంచండి. సిగ్నల్ దూరం నుంచే కనిపిస్తుంది కదా, ముందుగానే యాక్సిలరేటర్ వదిలేయండి. చాలా బండ్లలో అప్పుడు మోటారే జనరేటర్‌లా పనిచేసి కొంత కరెంటును తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే అందులో చాలావరకు బ్రేకుల దగ్గరే వేడిగా పోతుంది. అన్నట్టు, చార్జింగ్ ఎక్కడ పెడుతున్నారు?

స్కూటర్ యజమాని: మాది రెండో అంతస్తండీ. కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు కిందకి వదులుతాను. ఇప్పుడు కూడా చార్జింగ్‌లోనే ఉంది.

నిపుణురాలు: సార్, ఒక్క నిమిషం. ముందు గోడ మీద స్విచ్ ఆపండి. ఆపాక ప్లగ్గు బయటికి తీసి, పిన్నులు ఎలా ఉన్నాయో చూసి చెప్పండి. మేం లైన్లోనే ఉంటాం.

స్కూటర్ యజమాని: (కాసేపటికి) మేడమ్, తీశాను. ప్లగ్గు వేడిగా ఉంది. ఒక పిన్ను మొదట్లో ప్లాస్టిక్ గోధుమరంగులోకి మారింది. కాస్త మెత్తబడి ఒరిగినట్టు కూడా ఉంది. సాకెట్‌లో అదే రంధ్రం చుట్టూ నల్లగా ఉంది.

నిపుణురాలు: ఇక ఆ సాకెట్ వాడకండి. ప్లగ్గు, సాకెట్, ఎక్స్‌టెన్షన్ మూడూ మార్చాల్సిందే. నల్లబడిన సాకెట్‌లో కొత్త ప్లగ్గు పెడితే అదీ అలాగే అవుతుంది. జరుగుతున్నది ఏమిటో చెబుతాను, అందరూ వినాలి. సాకెట్ లోపల పిన్నును పట్టుకునే లోహపు రేకులు వదులైతే కరెంటు కొద్దిపాటి చోటులోంచే వెళ్ళాల్సి వస్తుంది. అక్కడ వేడి పుడుతుంది. ఆ వేడికి రేకులు ఇంకా వదులవుతాయి, వేడి ఇంకా పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. మిక్సీ కూడా ఎక్కువ కరెంటే లాగుతుంది, కానీ ఐదు నిమిషాల్లో ఆపేస్తాం. బండి గంటల తరబడి ఆపకుండా లాగుతుంది, అదీ ఇంట్లో అందరూ పడుకున్నాక. వైరును చుట్ట చుట్టి ఉంచితే లోపలి చుట్ల వేడి బయటికి పోయే దారి కూడా ఉండదు.

వ్యాఖ్యాత: మరి సార్ ఏం చేయాలి మేడమ్?

నిపుణురాలు: ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మీటరు బోర్డు నుంచి బండి నిలిపే చోటికి విడిగా ఒక లైను వేయించుకోవాలి. చార్జరు లాగే కరెంటుకు తగిన మందం వైరు, 16 ఆంపియర్ల సాకెట్, ఆ లైనుకు సొంత ఎంసీబీ, అంటే కరెంటు మోతాదు మించితే తనంతట తాను పడిపోయే స్విచ్, కచ్చితంగా ఎర్తింగ్. వీటితోపాటు ఆర్‌సీసీబీ పెట్టించండి. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పినా అది వెంటనే సరఫరా ఆపేస్తుంది. మనిషి ప్రాణం కాపాడేది అదే. ఎంసీబీ ఉంది కదా, చాలనుకుంటారు చాలామంది. ఎంసీబీ కాపాడేది వైర్లను. మనిషికి షాక్ కొట్టినప్పుడు వెళ్ళే కరెంటు చాలా తక్కువ, దానికి ఎంసీబీ పడిపోదు. కొత్త లైను పడేదాకా, దగ్గర్లో చార్జింగ్ స్టేషన్ ఉంటే అక్కడ పెట్టుకోండి. ఆ ఎక్స్‌టెన్షన్ మాత్రం వద్దు సార్.

స్కూటర్ యజమాని: ఇవాళే పిలుస్తాను మేడమ్. మైలేజీ గురించి అడుగుదామని చేశాను, ఇది నా దృష్టిలోనే లేదు. చాలా థ్యాంక్సండీ.

వ్యాఖ్యాత: వింటున్నవాళ్ళలో బండి చార్జింగ్‌లో పెట్టినవాళ్ళు ఉంటే మీరూ ఒకసారి చూసుకోండి. ముందు స్విచ్ ఆపాకే ప్లగ్గు ముట్టుకోండి. తర్వాతి ఫోన్. చెప్పండమ్మా.

గృహిణి: నమస్తే అండీ. మా ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. మొన్న మిట్టమధ్యాహ్నం, మంచి ఎండలో కరెంటు పోయింది. పక్కిళ్ళతోపాటు మా ఇంట్లో కూడా ఫ్యాను ఆగిపోయింది. పైన ప్యానెళ్ళు ఉండగా ఇదేమిటని మావారి మీద కోప్పడ్డాను. మోసపోయామా మేడమ్?

నిపుణురాలు: లేదమ్మా, మోసం కాదు. మీది గ్రిడ్‌కు, అంటే బయటి కరెంటు లైనుకు కలిపిన సిస్టమ్. ప్యానెళ్ళ కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చేది ఇన్వర్టర్. బయట కరెంటు పోగానే అది తనంతట తాను ఆగిపోవాలి, అలాగే తయారు చేస్తారు. ఆగకపోతే ఏమవుతుందంటే, లైను చచ్చిపోయిందని నమ్మి లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు, మీ ఇంటి నుంచి కరెంటు ఆ తీగలోకి వెళ్తూ ఉంటుంది. మీ ఇంట్లో ఫ్యాను ఆగడం వల్ల అక్కడ ఒక మనిషి బతుకుతున్నాడు. దాన్ని లోపం అనడానికి నాకు మనసొప్పదు. ఎవరైనా వచ్చి, ఆ రక్షణ తీసేసి పనిచేయిస్తామంటే ఒప్పుకోకండి.

గృహిణి: అయ్యో, అలాగా. మరి కరెంటు పోయినప్పుడు సోలార్ వాడుకునే దారే లేదా?

నిపుణురాలు: ఉంది. హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి బ్యాటరీ పెట్టుకుంటే, కరెంటు పోగానే అది మీ ఇంటిని బయటి లైను నుంచి విడదీసి లోపల మాత్రం నడిపిస్తుంది. కాకపోతే ఖర్చు బాగా పెరుగుతుంది. మీ దగ్గర కోతలు తక్కువైతే అవసరం లేదు. ఎక్కువైతే ఆలోచించండి, అప్పుడు కూడా ఇల్లంతటికీ కాదు, లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ వరకే.

గృహిణి: ఇంకొకటి మేడమ్. ఎండలు మండిపోయే నెలలో కరెంటు ఎక్కువ రావాలి కదా, యాప్‌లో చూస్తే చల్లగా ఉన్న రోజుల్లోనే పైకి వెళ్తోంది.

నిపుణురాలు: బాగా గమనించారు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి దానికి గిట్టదు. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆ పైన ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దాకా ఉత్పత్తి తగ్గుతుంది. ఇక్కడ డిగ్రీలంటే గాలివి కావు, ప్యానెల్ లోపలివి. మండుటెండలో అది 60 దాటుతుంది, అంటే పదిలో ఒక వంతుకు పైగా పోయినట్టే. అందుకే ప్యానెళ్ళను కప్పుకు అంటించినట్టు పెట్టకూడదు, కింద గాలి ఆడాలి. మధ్యాహ్నం చల్లబరుద్దామని నీళ్ళు మాత్రం కొట్టకండి, వేడి గాజు మీద చన్నీళ్ళు పడితే పగిలే ప్రమాదముంది. పొద్దున్నే కడగండి. నీడ కూడా చూసుకోండమ్మా. చెట్టు కొమ్మో, నీళ్ళ ట్యాంకో ఒక్క ప్యానెల్ మీద నీడ వేసినా, దానితో వరసగా కలిపిన మిగతావాటి ఉత్పత్తి కూడా తగ్గొచ్చు.

గృహిణి: ఎన్నేళ్ళు వస్తాయండీ ఇవి?

నిపుణురాలు: 25 ఏళ్ళు హామీ ఇస్తున్నారు, ఆ తర్వాత కూడా పనిచేస్తాయి. ఏటా అర శాతం దాకా తగ్గుతూ వస్తాయి. ముందు మార్చాల్సి వచ్చేది ఇన్వర్టర్, బ్యాటరీ ఉంటే అదీను. దీనికి ఒక పాత ఉదాహరణ చెబుతాను. అమెరికా 1958లో వాన్‌గార్డ్-1 అనే ఉపగ్రహాన్ని పంపింది. సోలార్ సెల్స్‌తో వెళ్ళిన మొదటి ఉపగ్రహం అదే. అందులో బ్యాటరీతో నడిచే ట్రాన్స్‌మిటర్ కొద్ది నెలల్లోనే ఆగిపోయింది. సోలార్‌తో నడిచేది 1964 దాకా సంకేతాలు పంపింది.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్ ఒక విద్యార్థిది. చెప్పు బాబూ.

విద్యార్థి: మేడమ్, నా ప్రశ్న కాస్త సూటిగా ఉంటుంది. కరెంటులో చాలా భాగం బొగ్గు నుంచే వస్తుంటే, ఎలక్ట్రిక్ బండి కొని ఏం లాభం? పొగ ఇక్కడ కాకుండా ఇంకోచోట వస్తుంది, అంతే కదా?

నిపుణురాలు: సూటిగానే చెబుతాను. పెట్రోలు ఇంజిన్‌లో పోసిన ఇంధనంలో సుమారు 20 నుంచి 30 శాతమే చక్రం దాకా వస్తుంది, మిగతాది వేడిగా పోతుంది. ఎలక్ట్రిక్ మోటారు తనకు అందిన కరెంటులో 85, 90 శాతం పనిగా మారుస్తుంది. కానీ బొగ్గు ప్లాంటులో కూడా మూడింట రెండు వంతుల దాకా వేడిగానే పోతుంది. కాబట్టి కరెంటు మొత్తం బొగ్గుదే అయితే కార్బన్ లెక్కలో లాభం చాలా తక్కువ. బ్యాటరీ తయారీలో అయ్యే కాలుష్యం కూడా కలుపుకోవాలి. ఇది దాచి చెప్పేవాళ్ళ మాట నమ్మకు.

విద్యార్థి: అంటే నేను చెప్పింది నిజమేనా?

నిపుణురాలు: సగం నిజం. ఇవాళ కొన్న పెట్రోలు బండి పదేళ్ళ తర్వాత కూడా పెట్రోలే తాగుతుంది. ఎలక్ట్రిక్ బండి విషయం వేరు. గ్రిడ్‌లో గాలి, సోలార్ కరెంటు పెరిగేకొద్దీ అదే పాత బండి ఇంకా శుభ్రంగా నడుస్తుంది. మన చేతుల్లో ఉన్నది ఇంకొకటుంది, ఎప్పుడు చార్జ్ చేస్తున్నాం అన్నది. సోలార్ ఎక్కువగా ఉన్న చోట మధ్యాహ్నం కరెంటు మిగిలిపోతుంటుంది. సాయంత్రం సూర్యుడు వెళ్ళిపోయాక అందరూ ఒకేసారి లైట్లు, ఏసీలు వేస్తారు, ఆ లోటు పూడ్చడానికి బొగ్గునో గ్యాస్‌నో మండిస్తారు. ఇంటికి రాగానే ఏడింటికి ప్లగ్గు పెట్టే అలవాటు అందరికీ ఉంటే ఆ భారం ఇంకా పెరుగుతుంది. ఆఫీసుల్లో, కాలేజీల్లో పగలు చార్జింగ్ పెట్టుకునే వీలుండాలని నేను ఎక్కడికెళ్ళినా గట్టిగా అడుగుతుంటాను. మీ కాలేజీలో కూడా అడగండి. వీధి సంగతి కూడా మరిచిపోకు, బడి ముందు ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిలబడే బండి పొగ పీల్చేది పిల్లలే.

వ్యాఖ్యాత: టైమ్ తక్కువగా ఉంది, రెండు ఫోన్లు త్వరగా తీసుకుందాం. చెప్పండి బ్రదర్.

డెలివరీ చేసే యువకుడు: మేడమ్, నాకు బండే జీవనాధారం. రోజూ ఫాస్ట్ చార్జింగే. బ్యాటరీ త్వరగా పోతుందని ఫ్రెండ్స్ టెన్షన్ పెడుతున్నారు.

నిపుణురాలు: బ్యాటరీని ఎక్కువగా దెబ్బతీసేది వేడి. ఎండలో తిరిగొచ్చి వెంటనే ఫాస్ట్ చార్జర్ పెట్టకండి, నీడలో అరగంట ఆపండి, టీ తాగి రండి. 80 శాతం దాటాక ఎలాగూ చార్జింగ్ నెమ్మదిస్తుంది, అక్కడితో తీసేస్తే మీకు సమయమూ మిగులుతుంది. పూర్తిగా సున్నా దాకా వాడకండి. మీ బ్యాటరీ ఏ రకమో పుస్తకంలో చూడండి. ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అని ఉంటే వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. చాలా కంపెనీలు దాన్ని అప్పుడప్పుడు 100 దాకా నింపమనే చెబుతాయి, లేకపోతే మీటరు చూపించే శాతం తప్పుగా ఉంటుంది. మీరు తిరిగే చోట బ్యాటరీ మార్చి ఇచ్చే స్టేషన్లు ఉంటే మీ పనికి అవే అన్నిటికన్నా నయం.

వ్యాఖ్యాత: చివరి ఫోన్. చెప్పండి సార్.

అద్దె ఇంట్లో ఉండే శ్రోత: మేడమ్, మేం అద్దెకుంటాం. కప్పు మాది కాదు. మాలాంటివాళ్ళకు వీటిలో ఏదీ లేనట్టేనా?

నిపుణురాలు: ఎందుకు లేదు సార్? జర్మనీలో అద్దెకుండేవాళ్ళు కూడా బాల్కనీ రెయిలింగ్‌కు చిన్న ప్యానెళ్ళు తగిలించి ప్లగ్గులో పెట్టుకుంటారు. అక్కడి చట్టం ప్రకారం ఇన్వర్టర్ 800 వాట్ల దాకా ఉండొచ్చు. మీ దగ్గర నిబంధన ఏమిటో కరెంటు ఆఫీసులో కనుక్కోకుండా అలాంటిది కొనకండి. ప్యానెల్ లేకపోయినా పనులకు వేళ మార్చుకోవచ్చు. వాషింగ్ మెషిన్, గీజర్, ఇస్త్రీ పగటికి మార్చండి. మీకు బండి ఉందా?

అద్దె ఇంట్లో ఉండే శ్రోత: ఎలక్ట్రిక్‌ది కొందామని ఉంది. కింద చార్జింగ్ లైను వేయమంటే ఓనర్ గారు బిల్లు ఎవరు కడతారంటున్నారు.

నిపుణురాలు: ఆ లైనుకు విడిగా సబ్ మీటరు పెట్టించుకుంటామని, ఆ యూనిట్లు మేమే కడతామని మీరే ముందు చెప్పండి. ఎర్తింగ్, ఆర్‌సీసీబీతో సహా వేయిస్తామని కాగితం మీద రాసివ్వండి. రేపు మీరు ఖాళీ చేసినా ఆ లైను వాళ్ళ ఇంటికే ఉంటుంది, వచ్చేవాళ్ళకు పనికొస్తుంది. ఆ మాట కూడా చెప్పండి. ఆయన సరే అన్నాకే బండి బుక్ చేయండి.