మాట రాని చోట క్రియను చూపడం ఎలా: గుర్తుల రూపకల్పనపై సంభాషణ

వ్యాఖ్యాత: నమస్కారం. నోటితో మాట్లాడలేని పిల్లలు బోర్డు మీది గుర్తులను చూపిస్తూ సంభాషించేటప్పుడు, ఏది పేరు, ఏది పని, ఏది గుణం అన్న తేడాను ఆ గుర్తులు ఎలా తెలియజేస్తాయన్నది ఈనాటి విషయం. ఇటువంటి బోర్డులను తయారుచేసే స్పీచ్ థెరపిస్టు మనతో ఉన్నారు. మేడమ్, భాషాభాగాలకు గుర్తులంటే మాంటిస్సోరి బడుల్లోని నల్ల త్రిభుజం, ఎర్ర వృత్తం చాలామందికి గుర్తుకొస్తాయి.

అతిథి: నమస్కారమండీ. నామవాచకానికి నల్ల త్రిభుజం, క్రియకు ఎర్ర వృత్తం అన్నవి అప్పటికే రాసి ఉన్న వాక్యాన్ని విడదీసి చూసుకోవడానికి పనికొస్తాయి. మా పిల్లల దగ్గర ఆ వాక్యమే ఇంకా పుట్టలేదు. ఉన్న మాటకు పేరు పెట్టే గుర్తుతో మా అవసరం తీరదు. ఒక మాట నుంచి ఇంకొక మాటను పుట్టించుకునే వీలు కల్పించే గుర్తు కావాలి. ఆ పని చేసి చూపినవి చార్లెస్ బ్లిస్ అనే ఆయన రూపొందించిన బ్లిస్ గుర్తులు.

వ్యాఖ్యాత: ఆయన గురించి కొంచెం చెబుతారా?

అతిథి: చార్లెస్ బ్లిస్ 1897లో, అప్పటి ఆస్ట్రియా-హంగరీలోని చెర్నోవిట్జ్‌లో పుట్టిన కెమికల్ ఇంజనీరు. నాజీల నిర్బంధ శిబిరాల నుంచి బయటపడి షాంఘై చేరుకున్నాక, చీనా లిపిని చూసి, ఏ భాషవారైనా చదువుకోగలిగిన బొమ్మల లిపి ఒకటి ఉండాలని తలచి, ఆస్ట్రేలియాలో స్థిరపడిన తరువాత 1949లో తన పద్ధతిని ప్రచురించారు. దానిని లోకం పెద్దగా పట్టించుకోలేదు. 1971లో టొరంటోలో షర్లీ మెక్‌నాటన్ అనే ఉపాధ్యాయురాలు, సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాల మీద అదుపు తప్పే స్థితి, వల్ల మాట్లాడలేని పిల్లల కోసం ఆ గుర్తులను వాడి చూశారు. గుండె బొమ్మ అంటే భావన; దాని పక్కన పైకి చూసే బాణం ఉంటే సంతోషం, కిందికి చూసే బాణం ఉంటే విచారం.

వ్యాఖ్యాత: భాషాభాగం తేడా ఎక్కడ తెలుస్తుంది?

అతిథి: గుర్తు నెత్తిన పెట్టే చిన్న సూచికలో. చతురస్రం పెడితే వస్తువు, శంకువు ఆకారం పెడితే చర్య, ఆ శంకువునే తలకిందులు చేస్తే గుణం. గుండె మీద శంకువు పెడితే అది 'అనుభూతి చెందడం' అవుతుంది. బోర్డు మీద చోటు ఎప్పుడూ చాలదు కనుక, మూడు సూచికలను నేర్చుకున్న పిల్లవాడు ఉన్న గుర్తులతోనే ఎన్నో కొత్త మాటలను చెప్పగలుగుతాడు. బ్లిస్ ఆ శంకువును అగ్నిపర్వతంగా ఊహించుకున్నారు. తలకిందులైనది ఎటు ఒరుగుతుందో తెలియని మనిషి తీర్పు అట. పిల్లలకు ఆ కథ అక్కరలేదని నా అభిప్రాయం, కానీ గీత మాత్రం చక్కగా కుదిరింది.

వ్యాఖ్యాత: తన గుర్తులను వాడిన ఉపాధ్యాయులతో బ్లిస్‌కు పేచీ వచ్చిందని విన్నాను.

అతిథి: వచ్చింది. వ్యాకరణం పేర్లంటే ఆయనకు గిట్టదు. మనిషి చేసే తీర్పును కూడా వస్తువులాగా చూపే మాటలతోనే జనాన్ని మోసగిస్తారని ఆయన నమ్మకం. అందుకే వస్తువు, చర్య, మనిషి అంచనా అని విడదీశారు. టీచర్లకేమో పిల్లలచేత ఇంగ్లీషు వాక్యం పలికించడం ముఖ్యం. ఈ విషయంలో నేను టీచర్ల పక్షమే.

వ్యాఖ్యాత: మరి తెలుగు బోర్డు సంగతి?

అతిథి: అక్కడే నాకు ఆసక్తి ఎక్కువ. గుణానికి బ్లిస్ ఒకే సూచికను పెట్టారు, విశేషణమైనా క్రియావిశేషణమైనా అదే. ఇంగ్లీషులో అది కొంత ఇరుకుగా అనిపించవచ్చు గానీ, మనకు 'అందం' అనే ఒక్క మాటే 'అందమైన', 'అందంగా' అని మారుతుంది కదా! మూలం ఒకటి, పైన చేరేది ఒకటి. పక్కన ఉన్న గుర్తు వస్తువా, చర్యా అన్నదాన్ని బట్టి వినేవారు ఏది పలకాలో నిర్ణయించుకుంటారు.

ఇబ్బంది మాటల వరుసలో వస్తుంది. 1926లో ఎడిత్ ఫిట్జ్‌గెరాల్డ్ అనే ఉపాధ్యాయురాలు, తానూ వినలేని మనిషే, బధిరులైన పిల్లలకు వాక్యం నేర్పడానికి 'ఎవరు', 'ఏమిటి', 'ఎక్కడ' వంటి శీర్షికలను ఎడమ నుంచి కుడికి పేర్చారు. మనుషులకు పసుపు, క్రియలకు ఆకుపచ్చ, వస్తువులకు నారింజ వంటి రంగులను తరువాతివారు ఆ పద్ధతికి జోడించారు. రంగులను మనమూ ఉంచుకోవచ్చు. కానీ ఆ వరుస ఇంగ్లీషుది: కర్త, క్రియ, ఆ తరువాత కర్మ. దానిని అలాగే తెచ్చి పెడితే, ఇంట్లో 'నేను అన్నం తింటాను' అని వింటున్న పిల్లవాడి చెయ్యి 'నేను, తిను, అన్నం' అని వెళ్తుంది. అందుకే నేను క్రియలను కుడి చివరకు జరుపుతాను.

వ్యాఖ్యాత: విభక్తులకు కూడా గుర్తులు పెడతారా?

అతిథి: అన్నింటికీ పెట్టను. 'లో', 'మీద' వంటివి స్థానాన్ని చూపుతాయి కనుక బొమ్మలో పడతాయి, అయితే వాటి గడి నామవాచకానికి కుడి పక్కన ఉండాలి. 'కు', 'ని' బొమ్మలో పట్టవు. 'నేను', 'ఆకలి' అని చూపిస్తే తల్లి 'నీకు ఆకలిగా ఉందా?' అని పూర్తి వాక్యం పలకాలి. పిల్లవాడికి చదువు వస్తున్నప్పుడు ఆ రెండింటినీ అక్షరాలుగానే బోర్డు అంచున చేరుస్తాను.

వ్యాఖ్యాత: 'వచ్చాడు', 'వచ్చింది' తేడా?

అతిథి: దానికి వేరే సూచిక వద్దు. ఎవరు వచ్చారో ముందే చూపించాడు కాబట్టి క్రియ చివరను వినేవారే సరిచేసుకుంటారు. కాలానికి మాత్రం సూచిక తప్పదు. 'అమ్మ', 'రా' అని చూపించి ఊరుకుంటే, అమ్మ వచ్చిందంటున్నాడో, రావాలంటున్నాడో ఎవరికీ అర్థం కాదు.