తమ్ముడిని సముద్రం తీసుకున్నాక రాసిన తత్త్వం

సభకు నమస్కారం.

యూదుల మతతత్త్వం గురించి మాట్లాడమన్నారు. ఉన్న కాస్త సమయంలో అంత పెద్ద సంప్రదాయాన్ని చుట్టిరావడం నావల్ల కాదు. అందుకే ఒక్క మనిషినే పట్టుకుంటాను. ఆయన మోషే బెన్ మైమోన్. లోకానికి మైమోనిడీస్.

ఆయన పుట్టింది స్పెయిన్‌లోని కొర్డోబాలో. 1148లో ఉత్తర ఆఫ్రికా ముస్లిం పాలకులైన అల్మొహాద్‌లు ఆ ఊరిని పట్టుకున్నారు. యూదులు తమ మతాన్ని బాహాటంగా పాటించే వీలు లేకపోవడంతో కుటుంబం ఊరు విడిచింది. మొరాకోలోని ఫెజ్‌లో కొంతకాలం ఉండి, చివరికి ఈజిప్టులోని ఫుస్తాత్ చేరారు. అక్కడ తమ్ముడు దావీదు వ్యాపారం చేసి ఇల్లు నడిపేవాడు, అన్న నిశ్చింతగా చదువుకునేవాడు. సరుకు కోసం మన దేశానికి బయలుదేరిన ఆ తమ్ముడు హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. అన్న దాదాపు ఏడాది పాటు మంచం పట్టాడు. ఆ తర్వాత వైద్యమే ఆయనకు జీవనాధారమైంది.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, 1190 ప్రాంతంలో ఆయన ముగించిన ‘కలవరపడినవారికి మార్గదర్శి’ని నేను ఈ దుఃఖాన్ని పక్కన పెట్టి చదవలేను. హీబ్రూ లిపిలో, అరబ్బీ భాషలో రాసిన పుస్తకం అది. యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన తోరాను నమ్ముతూ, గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్‌ను కూడా చదివి, రెంటి మధ్యా నలిగిపోతున్న శిష్యుడి కోసం రాశారు.

ఆ నలుగుడులో పెద్ద ప్రశ్న: లోకానికి మొదలు ఉందా? అరిస్టాటిల్ లేదన్నాడు. తోరా ఉందంటుంది. మైమోనిడీస్ ఇక్కడ చూపిన నిజాయితీ నన్ను కట్టిపడేసింది. గ్రంథంలో ఉంది కాబట్టి నోరు మూసుకోండి అనలేదు. దేవుడి చెయ్యి, దేవుడి కళ్లు అని ఉన్నచోట మనం వేరే అర్థం చెప్పుకుంటున్నాం కదా, లోకం అనాది అని గట్టిగా రుజువైతే సృష్టి వాక్యాలకూ అలాగే అర్థం చెప్పగలను అన్నారు. కానీ అది రుజువు కాలేదు, పైగా అరిస్టాటిల్ చెప్పినట్టే అంతా తప్పనిసరిగా జరిగితే ధర్మశాస్త్రానికి పునాదే ఉండదు, కాబట్టి సృష్టి పక్షానే నిలబడతాను అన్నారు. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక మతపెద్ద అన్న మాట ఇది!

దేవుడి గురించి ఆయన మరీ కఠినంగా ఉంటారు. దేవుడు ఇలాంటివాడు అని చెప్పలేం, ఇలాంటివాడు కాడు అని మాత్రమే చెప్పగలం అంటారు. మనకు ఉపనిషత్తులోని ‘నేతి నేతి’ గుర్తుకొస్తుంది. పోలిక నిజమే, కానీ అక్కడే ఆగాలి. ఉపనిషత్తు ఆ దారిలో ఆత్మ వైపు వెళుతుంది. మైమోనిడీస్ దేవుడికీ మనిషికీ మధ్య ఉన్న దూరాన్ని చెరపడు.

ఇక చెడు సంగతి. లోకంలో మంచి కన్నా చెడే ఎక్కువన్న వైద్యుడు అల్ రాజీ మాటను ఆయన ఒప్పుకోలేదు. లోకమంతా తన ఒక్కడి కోసమే ఉన్నట్టు మనిషి అనుకోవడం వల్లే అలా తోస్తుందన్నారు. మట్టితో చేసిన ఒళ్లు కాబట్టి వచ్చే కష్టాలు కొన్ని, మనుషులు ఒకరికొకరు తెచ్చిపెట్టేవి కొన్ని, ఎవరికి వారు తెచ్చుకునేవి అన్నిటికన్నా ఎక్కువ. తమ్ముడిని సముద్రానికి ఇచ్చిన మనిషి ఈ మాట రాశాడంటే నాకు మొదట మింగుడు పడలేదు. తర్వాత యోబు మీద ఆయన రాసిన అధ్యాయాలు చదివాను. యోబు అంటే బైబిల్లో ఏ తప్పూ చేయకుండానే సంపద, పిల్లలు, ఆరోగ్యం అన్నీ పోగొట్టుకున్న మనిషి. యోబు నీతిమంతుడని గ్రంథం చెప్పింది గానీ జ్ఞాని అనలేదు, గమనించండి అంటారు. దేవుడి గురించి విన్నదే తప్ప యోబుకు అంతవరకూ ఏమీ తెలియదు. తెలిశాక, పోయిన సంపద, ఆరోగ్యం ఒక్కటే జీవితానికి పరమార్థం కాదని గ్రహించాడట.

అలాగని దుఃఖం పోయిందా? ‘మార్గదర్శి’ ముగియడానికి కొన్నేళ్ల ముందు, తమ్ముడు పోయి ఎనిమిదేళ్లయ్యాక, ఒక ఉత్తరంలో ఆయనే రాసుకున్నారు: వాడి చేతిరాత కనబడితే చాలు, నా గుండె తలకిందులవుతుంది అని. దావీదు చేతిరాతతో ఒక ఉత్తరం ఫుస్తాత్‌లోని సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) గదిలో, పాత కాగితాల మధ్య శతాబ్దాలు ఉండిపోయి, ఇప్పుడు కేంబ్రిడ్జిలో ఉంది. ఎర్రసముద్రపు రేవు ఐదాబ్ నుంచి, ఓడ ఎక్కే ముందు రాసింది. ఎడారి దాటి క్షేమంగా వచ్చాను, ఇండియాకు వెళుతున్నాను, కంగారు పడకండి అని ఉంది అందులో.