డీఎన్ఎస్ ఎర్రర్లా? సర్వర్ మార్చేముందు ఇది చూడండి

[స్క్రీన్: టెర్మినల్. సుడో కమాండ్ కొట్టాక కర్సర్ అక్కడే ఆగిపోతుంది.]

నమస్తే. ఇది మహబూబ్‌నగర్‌లో ఒక డీటీపీ షాపులోని ఉబుంటు సిస్టమ్. ఈ మధ్యే దీనికి ‘పిల్లలమర్రి’ అని పేరు మార్చారు. పాలమూరులో ఇంకేం పెడతారు చెప్పండి! అప్పట్నుంచి సుడో, అంటే అడ్మిన్ హక్కులతో పని చేయించే కమాండ్, కొట్టినప్పుడల్లా కాసేపు బిగుసుకుపోయి, ‘అనేబుల్ టు రిజాల్వ్ హోస్ట్ పిల్లలమర్రి’ అంటోంది, అంటే ఆ పేరుకి అడ్రస్ దొరకలేదని.

షాపాయన నెట్ స్లో అనుకుని కనెక్షన్ ఇచ్చినతనికి ఫోన్ చేశాడు. పాపం, అతనేం చేస్తాడు? సిస్టమ్ తన పేరు తనకే దొరక్క బయటి డీఎన్ఎస్ సర్వర్‌ని, అంటే పేరు చెబితే ఐపీ అడ్రస్ చెప్పే సర్వర్‌ని, అడుగుతోంది. హోస్ట్‌నేమ్‌సీటీఎల్ కమాండ్‌తో పేరు మార్చినంత మాత్రాన, ఈటీసీ ఫోల్డర్‌లో పేర్లు, వాటి అడ్రస్‌లు రాసి ఉండే హోస్ట్స్ ఫైల్ దానంతటది మారదు.

[స్క్రీన్: హోస్ట్స్ ఫైల్. 127.0.1.1 లైన్ జూమ్.]

ఉబుంటు, డెబియన్‌లలో ఈ 127.0.1.1, అంటే సిస్టమ్ తనకు తాను వాడుకునే అడ్రస్, పక్కన పాత పేరే మిగిలిపోతుంది. కొత్త పేరు రాసి సేవ్ చేయండి. రీస్టార్ట్ అక్కర్లేదు. అయిపోయింది.

అసలు గోల వేరే ఉంది: పేరు దొరకలేదనే డీఎన్ఎస్ ఎర్రర్లు.

[స్క్రీన్: రెండో టెర్మినల్‌లో సుడో రిజాల్వ్‌సీటీఎల్ మానిటర్.]

లినక్స్‌లో వెనక సర్వీసులు నడిపే సిస్టమ్‌డీలో 252 వెర్షన్ నుంచి ఈ కమాండ్ ఉంది. ఏ పేరు అడుగుతున్నామో లైవ్‌లో చూపిస్తుంది. ఇటు పక్కన ఒక సైట్ పేరు కావాలనే తప్పు కొట్టి పింగ్ చేస్తున్నా. చూడండి, అడిగింది ఒక్క పేరు, వెళ్లినవి నాలుగు ప్రశ్నలు. పాత రకం అడ్రస్ ఐపీవీ4 కోసం ఒకటి, కొత్త రకం ఐపీవీ6 కోసం ఒకటి. రెండిటికీ ‘ఎన్ఎక్స్‌డొమైన్’, అంటే ఆ పేరే లేదని జవాబు. ఆ తర్వాత అదే పేరు చివర ‘.లాన్’ అని తోక తగిలించి మళ్లీ రెండు.

ఆ తోక మనం పెట్టింది కాదు. రౌటర్ ఐపీ అడ్రస్‌తో పాటు సెర్చ్ డొమైన్ కూడా ఇస్తుంది. పేరు దొరక్కపోతే సిస్టమ్ దాన్ని అతికించి ఇంకోసారి ప్రయత్నిస్తుంది. పేరు చివర ఒక చుక్క పెట్టి పింగ్ చేయండి, తోక రాదు.

ఇలాంటప్పుడు చాలామంది గూగుల్ డీఎన్ఎస్ సర్వర్ 8.8.8.8 పెట్టుకోమంటారు. లేని పేరును ఏ సర్వర్‌ని అడిగినా లేదనే చెబుతుంది కదా!

[స్క్రీన్: వైఫై సెట్టింగ్స్, ఐపీవీ4 ట్యాబ్.]

డీఎన్ఎస్ దగ్గర ‘ఆటోమేటిక్’ ఆపేయండి. రౌటర్ అడ్రసే, అంటే 192.168.1.1 లాంటిది, చేత్తో రాయండి. సర్వర్ పాతదే, సెర్చ్ డొమైన్ మాత్రం పోతుంది. ఐపీవీ6 ట్యాబ్‌లో కూడా డీఎన్ఎస్ దగ్గరి ఆటోమేటిక్ తీసేసి, వైఫై ఆపి మళ్లీ కలపండి. డీఎన్ఎస్ సెట్టింగ్స్ ఉండే రిజాల్వ్.కాన్ఫ్ ఫైల్‌ని మాత్రం నేరుగా దిద్దకండి, సిస్టమ్ దాన్ని మళ్లీ రాసేస్తుంది.

ఐపీవీ6 ప్రశ్నలనూ ఆపేయడానికి లినక్స్ ప్రోగ్రామ్‌లు వాడుకునే లైబ్రరీ జీలిబ్‌సీలో, 2022లో వచ్చిన 2.36 వెర్షన్ నుంచి ఆప్షన్ ఉంది. నేనైతే జోలికి పోను. పేరు ఉండి ఐపీవీ6 అడ్రస్ లేకపోతే ఖాళీ జవాబు వస్తుంది, అది ఎర్రర్ కిందికి రాదు.

ఆఫీసు, కాలేజీ ల్యాబ్ నెట్‌వర్క్‌లలో ఈ డీఎన్ఎస్ మార్పు చేయకండి. అక్కడ ప్రింటర్, సర్వర్ పేర్లు ఆ తోకతోనే దొరుకుతాయి. ఈ సెట్టింగ్ ఒక్కో కనెక్షన్‌కి వేరుగా ఉంటుంది కాబట్టి, ఇంటి వైఫైకి పెట్టింది ఆఫీసు వైఫైకి అంటదు.